పొద్దు పక్కకు రా అవ్వా

గండిలో పొద్దు ఆలస్యంగా పొడుస్తుంది. అవతల వేంపల్లెలో ఎండ వీధుల్లోకి వచ్చేసినా ఇక్కడ కొండ అడ్డం. వెలుగు ముందు పడమటి గట్టు నెత్తిన పడుతుంది. అక్కడి నుంచి ఒక్కో బండా దిగి, పాపాఘ్ని ఇసుక మీదికి, ఆంజనేయస్వామి గుడి ముందరికి వచ్చేసరికి టెంకాయల అంగళ్లు అన్నీ తెరిచేసి ఉంటాయి.

మాఘమాసం, శనివారం. ఒక వేపచెట్టు కింద మెడ రిక్కించి నిలబడి ఉన్నాను. చెట్టుకు అటుపక్క నీడలో టెంకాయలు పేర్చుకున్న అవ్వ చాలాసేపు చూసి, ఇక ఉండబట్టలేక అడిగింది.

"ఏంది నాయనా, అంతసేపట్నుంచి చెట్టు పక్కే చూస్తాండావు? తేనెతుట్టె ఏమన్నా ఉండాదా?"

"తుట్టె కాదవ్వా, తేనెపిట్ట."

"ఓస్, అదా! బొగ్గుముక్క మాదిరి ఉంటాది. దాంట్లో అంత చూసేదేముంది?"

అవ్వ మాటలో తప్పు లేదు. ఆమె కూర్చున్న చోటి నుంచి ఆ పిట్ట నల్లదే. నేను నిలబడిన చోటి నుంచి మాత్రం నల్లది కాదు. మా ఇద్దరి మధ్య ఉన్నది పదడుగుల నేల, ఒక వేపచెట్టు. ఈ పిట్ట వింత అంతా ఆ పదడుగుల్లోనే ఉంది.

తోరణం ఎవరికి కనబడుతుంది?

గండి అంటే తెగిన చోటు. చెరువుకట్టకు పడితే ఊరు పరుగులు తీయాలి. కొండకు పడితే గుడి వెలుస్తుంది. కర్ణాటకలో నంది కొండల వైపు పుట్టిన పాపాఘ్ని, శేషాచలం కొండల వరుసను నిలువునా కోసుకుని ఇక్కడ బయటపడుతుంది. ఆపైన కమలాపురం దగ్గర పెన్నలో కలుస్తుంది. జమ్మలమడుగు పక్కన పెన్న ఇదే పని ఎర్రమల కొండలకు చేసింది. ఆ గండి పక్కన కట్టిన కోట గండికోట అయింది. ఈ గండిలో వెలసినవాడు వీరాంజనేయుడు. శ్రావణ శనివారాల్లో పులివెందుల, ప్రొద్దుటూరు, జమ్మలమడుగు పక్క ఊళ్ల జనమంతా ఇక్కడే ఉంటారు.

లంక నుంచి తిరిగి వస్తున్న రాముడి కోసం వాయుదేవుడు ఈ రెండు కొండలకూ నడుమ బంగారు పూల తోరణం కట్టాడట. అది ఇప్పటికీ ఉందట. కాకపోతే అందరికీ కనబడదు. పుణ్యాత్ములకు, అదీ పోయే గడియ దగ్గర పడినప్పుడు మాత్రమే కనబడుతుందని పెద్దలు చెబుతారు. 1800 నుంచి 1807 దాకా దత్తమండలాలకు కలెక్టరుగా పనిచేసి, తర్వాత మద్రాసు గవర్నరు అయిన థామస్ మన్రో ఈ దారిన పోతూ తలెత్తి తోరణం చూశాడని చెప్పుకుంటారు. ఆయన 1827 జూలై 6న పత్తికొండలో కలరాతో పోయాడు. తోరణం సంగతి నమ్మేవాళ్ల నమ్మకం. ఒక్క విషయం మాత్రం నిజం: ఉండటం వేరు, కనబడటం వేరు. వేపకొమ్మ మీది పిట్ట దగ్గర నాకు ఈ కథే గుర్తొచ్చింది.

రంగు లేని రంగు

తేనెపిట్ట జానలో సగం ఉంటుంది. రూపాయి బిళ్లలు రెండు కలిపి తూచినంత బరువు. ముక్కు సన్నగా, కిందికి వంగి, దబ్బనం కొనను కొంచెం వంచినట్లు ఉంటుంది. ఒక్క క్షణం కుదురుగా ఉండదు. పూలగుత్తికి తలకిందులుగా వేలాడుతుంది, రెక్కలు విదిలిస్తుంది, పక్క కొమ్మకు ఎగురుతుంది. "చివీట్ చివీట్" అని గట్టిగా పిలుస్తుంది. ఆ గొంతు విని ఇంకా పెద్ద పిట్ట కోసం వెతికేవాళ్లు చాలామంది.

నీడలోనో, వెలుగుకు ఎదురుగానో చూస్తే మగపిట్ట నల్లన. పొద్దు మన వీపు వెనక ఉండి, పిట్ట కొంచెం మెడ తిప్పితే చాలు, తల మీద నీలం అంటుకుంటుంది. గొంతు దగ్గర ఊదా, వీపు మీద పచ్చటి మెరుపు. మళ్లీ తిరిగితే అన్నీ ఆరిపోయి నలుపు. నెమలి కన్నులాగే దీని ఈకలోనూ నీలం రంగు పదార్థం లేదు. ఉన్నది మెలనిన్, మన తల వెంట్రుకలకు నలుపునిచ్చేదే. ఈక పీచుల్లో ఆ మెలనిన్ కణికలు పొరలు పొరలుగా, ఎంతో సన్నగా పేర్చి ఉంటాయి. పై పొర నుంచి వెనక్కి వచ్చిన వెలుగు, కింది పొర నుంచి వచ్చిన వెలుగు కలిసినప్పుడు కొన్ని రంగులు బలపడతాయి, కొన్ని చచ్చిపోతాయి. వాన పడ్డ రోడ్డు మీద బండి నుంచి కారిన ఆయిలు చుక్క ఏడు రంగులు పోయేదీ, సబ్బుబుడగ మెరిసేదీ ఇదే లెక్కన. చూసే కోణం మారితే రంగు మారిపోతుంది.

అందుకే తేనెపిట్టను గుర్తుపట్టాలనుకునేవాళ్లు మొదట నేర్చుకోవలసింది రంగును నమ్మకపోవడం. ముక్కు చూడాలి, పొట్ట చూడాలి, పిట్ట ఏం చేస్తోందో చూడాలి. రంగు చివర్న వచ్చే సాక్షి. అదీ పొద్దు ఎటుందో తెలుసుకున్నాకే దాని మాట వినాలి.

ఒక పిట్ట, మూడు వేషాలు

మన మెట్టప్రాంతాల్లో ఎక్కువగా కనబడేది ఊదా తేనెపిట్ట. ముళ్లకంపల్లో, జిల్లేడు దుబ్బుల దగ్గర, పొలాల గట్ల మీద, ఇళ్ల పెరట్లో ఎక్కడైనా ఉంటుంది. అడవి పిట్టే కానీ అడవే కావాలని పట్టుబట్టదు. దీనికి మూడు వేషాలు.

మొదటిది పెళ్లికొడుకు వేషం. జత కట్టే కాలంలో మగపిట్ట పైనుంచి కిందిదాకా నల్లని మెరుపుతో ఉంటుంది. ఆడపిట్ట ముందు పాడేటప్పుడు రెక్కలు కొంచెం ఎత్తుతుంది. అప్పుడు చంకల దగ్గర దాచుకున్న పసుపు, నారింజ కుచ్చులు రెండు బయటికొస్తాయి. రెక్కలు ముడిస్తే మళ్లీ లోపలికి పోతాయి. చూడాలంటే ఓపిక ఉండాలి, కొంచెం అదృష్టమూ ఉండాలి.

రెండోది ఆడపిట్ట. వీపు ముదురు ఆకుపచ్చ కలిసిన మట్టిరంగు, పొట్ట లేత పసుపు, కంటి మీద లేతగా ఒక కనుబొమ గీత. మెరుపు ఎక్కడా లేదు. గూట్లో కూర్చునేది తనే కాబట్టి మెరిసి ప్రాణం మీదికి తెచ్చుకోదు.

మూడోది జనాన్ని మోసగించే వేషం. జత కట్టే కాలం అయిపోయాక మగపిట్ట తన నల్లకోటు విడిచేస్తుంది. ఆడపిట్టలాగే పసుపు పొట్టతో తిరుగుతుంది. కాకపోతే గొంతు నుంచి పొట్ట నడుమ దాకా ఒక్క నల్లచార మిగులుతుంది, నామం పెట్టినట్లు. ఇది వేరే జాతి అనుకుని పుస్తకాలు తిరగేసేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. మగపిట్ట నిజంగా ఇలా రంగు మారుస్తుందా లేదా అని 19వ శతాబ్దంలో పెద్ద పెద్ద పక్షిశాస్త్రవేత్తలే వాదులాడుకున్నారు. కాబట్టి మనం తికమకపడితే నామోషీ ఏమీ లేదు. నామం కనబడితే చాలు, అది కోటు విప్పిన పెళ్లికొడుకు.

మూడు పిట్టలు, ఒకే మెరుపు

దీనికి తిరగబడిన చిక్కు ఇంకొకటుంది. నల్లగా మెరిసే తేనెపిట్టలన్నీ ఒకటి కావు.

కొండ దాపున, చెట్లు దట్టంగా ఉన్నచోట చూసిన పిట్ట ముక్కు మరీ పొడుగ్గా, కొడవలిలా వంగి ఉంటే ఆగి చూడండి. అది లోటెన్ తేనెపిట్ట కావచ్చు. మగదానికి రొమ్ము మీద ముదురు ఎరుపు పట్టీ ఉంటుంది, పొట్ట నలుపు కాకుండా మసిబారిన మట్టిరంగు. ఆడదానికి ఊదా తేనెపిట్ట ఆడదానిలాగా కనుబొమ గీత ఉండదు. 18వ శతాబ్దం నడుమ సింహళాన్ని డచ్చివాళ్ల తరఫున ఏలిన గవర్నరు యోహాన్ గిడియన్ లోటెన్ పేరు దీనికి పెట్టారు. 1766లో లినేయస్ దీన్ని శాస్త్రానికి పరిచయం చేశాడు.

మూడోది ఊదా నడుము తేనెపిట్ట. మగదాని వీపు ముదురు కుంకుమరంగు, గొంతు, నడుము ఊదా, నెత్తిన పచ్చని మెరుపు, పొట్ట మాత్రం తేటగా పసుపు. నల్లపొట్ట ఉంటే ఇది కాదు, అంతే. ఆడపిట్ట గొంతు తెల్లగా, రొమ్ము పసుపుగా ఉంటుంది. ఇది ఏడాది పొడుగునా ఒకే వేషంలో ఉంటుంది, కోటు విప్పదు. ప్రొద్దుటూరు ఇళ్ల పెరట్లో మందారో, మునగో ఉంటే వెతుక్కుంటూ వచ్చేది ఇదో, ఊదా తేనెపిట్టో.

గుర్తుపట్టడానికి నేను పెట్టుకున్న వరస ఇది. ముందు పొట్ట: ముదురుదా, పసుపా? ముదురుపొట్టయితే ముక్కు: తల పొడవంతేనా, కొడవలా? పసుపుపొట్టయితే గొంతు: తెలుపా, పసుపా, ఊదానా, నల్లచారా? ఈ మూడు ప్రశ్నలకూ జవాబు దొరికాక రంగుల సంగతి తీరిగ్గా చూసుకోవచ్చు.

పువ్వు ముందు రెక్కలాడిస్తూ నిలబడ్డ తేనెపిట్టను ఫోనులో వీడియో తీసి "మా ఊళ్లో హమ్మింగ్‌బర్డ్!" అని పంపేవాళ్లు ప్రతి ఏడాదీ ఉంటారు. హమ్మింగ్‌బర్డ్‌లు అమెరికా ఖండాలు దాటి ఎక్కడా లేవు. తేనెపిట్టలు ఆఫ్రికా నుంచి ఆసియా మీదుగా ఆస్ట్రేలియా దాకా ఉన్న వేరే కుటుంబం, సుమారు 145 జాతులు. రెండింటికీ చుట్టరికం లేదు. ఒకే రకం పనికి రెండు చోట్ల ఇద్దరు కమ్మరులు విడివిడిగా ఒకే రకం కొడవలి కొట్టినట్లు, పూలతేనె కోసం ప్రకృతి రెండు చోట్ల ఒకే మాదిరి ముక్కు చేసింది. తేనెపిట్ట గాలిలో నిలబడగలదు కానీ కాసేపే. కూర్చునే వీలుంటే కొమ్మ పట్టుకునే తాగుతుంది.

మొగ్గకు గండి

వేపచెట్టు మీద నేను చూస్తున్నది వేపపూలను కాదు. నడికొమ్మకు ఒక బదనిక పట్టింది. వేపకు తన కొమ్మేననిపించేలా మొలిచి, దాని రసం తాగి బతికే మొక్క. దళసరి ఆకుల మధ్య గుత్తులు గుత్తులుగా, వేలిముడంత పొడుగున, గొట్టాల్లాంటి పూలు. కొన్ని విచ్చుకున్నాయి, కొన్ని మొగ్గలుగానే ఉన్నాయి.

మగపిట్ట వచ్చి విచ్చిన పూలను వదిలేసి మొగ్గ మీద వాలింది. ముక్కుతో ఒక్క నొక్కు నొక్కింది. మొగ్గ ఠక్కున చిట్లి, రేకులు వెనక్కి తిరిగి, లోపలున్న పుప్పొడి పిట్ట నుదుటి మీద చల్లుకుంది. పిట్ట అదేమీ పట్టించుకోకుండా ముక్కు లోపల పెట్టి తాగేసి, నెత్తిన పసుపు బొట్టుతో తర్వాతి మొగ్గ దగ్గరికి పోయింది. తలుపు తట్టినవాడికే తలుపు తీసే ఇల్లు అది. తట్టినవాడి నెత్తిన తన ఉత్తరం పెట్టి పంపుతుంది.

ఈ పొత్తును పక్షిశాస్త్రవేత్త సలీం అలీ కొంకణ్ ప్రాంతంలో కూర్చుని గమనించి 1931లో రాశారు. పూలను కలిపేది తేనెపిట్ట. ఆపైన కాసిన పండును తినేది ఇంకో చిన్న పిట్ట, ఇంగ్లీషులో ఫ్లవర్‌పెకర్ అంటారు. గింజ జిగట. పిట్ట ఒంట్లోంచి బయటపడినా ఒక పట్టాన వదలదు, కొమ్మకేసి రుద్దుకోవలసిందే. ఆ రుద్దినచోట కొత్త బదనిక మొలుస్తుంది. రైతుకు బదనిక చీడ. మామిడిచెట్టుకు పడితే కొమ్మ నరకాల్సిందే. పిట్టకు మాత్రం అది ఎండాకాలానికి ముందు వచ్చే పెద్ద సంత.

ఇదే పిట్ట దొంగతనమూ చేస్తుంది. పువ్వు గొట్టం మరీ పొడుగైతే నోటి దగ్గర నుంచి పోదు. అడుగున ముక్కుతో చిన్న కంత పొడిచి తేనె లాగేస్తుంది. పుప్పొడి ఒంటికి అంటదు, పువ్వుకు పని జరగదు. మన భాషలో చెప్పాలంటే పువ్వుకు గండి కొట్టడం. మందార పూల అడుగున సన్నని చీలిక కనబడితే చీమను తిట్టకముందు తేనెపిట్టను అనుమానించండి.

నాలుక గొట్టంలా చుట్టుకుని, కొనన చీలి ఉంటుంది. ఆ గొట్టంతో అది తేనెను నిజంగానే పీలుస్తుందని, మనం స్ట్రా పెట్టి సోడా తాగినట్లు తాగుతుందని ఈమధ్యే పరిశోధకులు తేల్చారు. హమ్మింగ్‌బర్డ్ నాలుక తీరు అది కాదు. పని ఒకటే, పనిముట్టు వేరు.

పులివెందుల పక్క అరటితోటల్లోనూ తేనెపిట్ట ఉంటుంది. వేలాడే పువ్వు మీది ముదురు ఎర్రడొప్ప ఒక్కొక్కటే లేస్తుంటే, దాని కింద వరసగా బయటపడ్డ పూలకు తలకిందులుగా వేలాడి తాగుతుంది. తమాషా ఏమంటే మనం తినే అరటికి పిట్టతో పనేమీ లేదు. పుప్పొడి అందినా అందకపోయినా విత్తనం లేని కాయే కాస్తుంది. అయినా పాతకాలం అలవాటు మానుకోలేక తేనె పోస్తూనే ఉంది. పెళ్లి లేకపోయినా విస్తరి వేసే ఇల్లు.

వేలాడే చెత్త

తేనెపిట్ట గూడు మొదటిసారి చూసినప్పుడు నేను చీపురుతో దులపబోయాను. వరండాలో బట్టల తీగకు కొనన ఏదో బూజు వేలాడుతోంది. ఎండుటాకులు, నారపీచులు, చెట్టు బెరడు తునకలు, పురుగుల రెట్ట, అన్నీ సాలెగూటి దారంతో కుట్టిన చెత్తమూట. చీపురు ఎత్తగానే లోపలి నుంచి ఒక వంకర ముక్కు బయటికి వచ్చింది.

చెత్తలా కనబడటమే ఆ గూటి తెలివి. తీగ నుంచో, సన్నకొమ్మ నుంచో వేలాడే సంచి అది. పక్కన గుండ్రటి వాకిలి, వాకిలి మీద వానచుక్క పడకుండా చిన్న చూరు, లోపల మెత్తటి దూది. కట్టేది ఆడపిట్ట ఒక్కతే. మగవాడు చుట్టూ తిరిగి పాడతాడు. సాలెదారం అతుక్కుంటుంది, సాగుతుంది, తెగదు. పిల్లలు పెరిగే కొద్దీ గూడు కూడా సాగుతుంది. గుడ్లు చాలావరకు రెండు. పొదిగేది తల్లే, సుమారు రెండు వారాలు. పిల్లలు బయటపడ్డాక మాత్రం తండ్రి కూడా మేత తెస్తాడు. ఆ మేత తేనె కాదు. పెరిగే ఒంటికి మాంసకృత్తులు కావాలి, కాబట్టి సాలీళ్లు, పురుగులు. తేనెపిట్ట అని పేరు పెట్టాం గానీ సాలీడు లేకపోతే దానికి ఇల్లూ లేదు, పిల్లలూ లేరు. మందారకు మందు కొట్టి, మూలమూలా బూజు దులిపేసిన పెరట్లో ఎన్ని పూలు పూసినా అది గూడు పెట్టకపోవడానికి కారణం ఇదే.

ఆ వేసవి మా బట్టలు మేడ మీద ఆరాయి. ఇంకొక తిప్పలు కూడా పడ్డాం. మగపిట్ట రోజూ వచ్చి మోటారుసైకిలు అద్దం మీద వాలేది. అద్దంలో ఇంకో మగపిట్ట. దాన్ని ముక్కుతో పొడిచి, వెనక్కి పోయి వెతికి, దొరక్క మళ్లీ ముందుకొచ్చి పొడిచేది. అలసిపోయేదే గానీ ఓడిపోయేది కాదు. చివరికి అద్దానికి మా అబ్బాయి పాత మేజోడు తొడిగితే యుద్ధం ఆగింది.

కడప జిల్లా పిట్ట అనగానే లోకానికి గుర్తొచ్చేది కలివికోడి. 1900 తర్వాత ఎవరికీ కనబడక, లేకుండా పోయిందనుకున్నది 1986 జనవరిలో లంకమల అడవుల పక్కన మళ్లీ దొరికింది. రాత్రిపూట తిరిగే ఆ పిట్ట కోసం దేశదేశాల నుంచి మనుషులు వచ్చి టార్చిలైట్లతో వెతికారు. తేనెపిట్ట కోసం ఎవరూ రారు. అది వాకిట్లోనే ఉంటుంది. కనబడని పిట్టను వెతకడానికి ఎంత ఓపిక కావాలో, రోజూ కనబడే పిట్టను చూడటానికీ అంతే కావాలి.

పదడుగులు

ఎండ ఇప్పుడు గుడి మెట్ల దాకా దిగింది. మగపిట్ట బదనిక వదిలి వేప చిటారుకొమ్మన కూర్చుని పిలుస్తోంది. అవ్వ బేరం లేక ఇటే చూస్తోంది.

"అవ్వా, ఒక్కసారి ఇట్ల రా. పొద్దు పక్కకు రా."

"ఆడి నుంచి చూస్తే మారిపోతాదా ఏంది?"

"వచ్చి చూడు."

మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని లేచి, టెంకాయల మీద గోనెపట్ట కప్పి, చెట్టు చుట్టూ తిరిగి నా పక్కకు వచ్చింది. పొద్దు మా ఇద్దరి వీపుల మీద పడుతోంది. కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకుని పైకి చూసింది. పిట్ట మెడ తిప్పింది.

అవ్వ ఏమీ అనలేదు. చెయ్యి దించలేదు. పిట్ట మళ్లీ తిరిగింది, నీలం గొంతు దాకా జారి ఊదా అయింది.

"ఓరి దీని పాసుగాల! నెమిలి పిల్ల మాదిరుండాదే" అంది చివరికి. "ఇన్నేండ్ల నుంచి ఈడ్నే కూసోనుండా నేను."

ఎవరో టెంకాయ కోసం పిలిచారు. అవ్వ తన నీడలోకి వెళ్లిపోయి కూర్చుంది. టెంకాయ ఇచ్చి, చిల్లర తీసుకుని, మళ్లీ తలెత్తి చూసింది. అక్కడి నుంచి అది మళ్లీ నల్లపిట్టే. నా పక్క చూసి, బోసినోటితో నవ్వింది.